పద్యం కోసం ఒకరు, పొలం కోసం ఒకరు

భీమవరం చేరి నాలుగు రోజులైంది. సూట్‌కేసు ఇంకా సగమే విప్పాం. కోటు జేబులో యెన్ చిల్లర గలగలమంటోంది. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

మా బావమరిది యోకోహామాలో ఉద్యోగం చేస్తాడు. నాలుగేళ్ళుగా "చెర్రీ పూలప్పుడు రండి బావగారూ" అని పిలుస్తూనే ఉన్నాడు. నేనేమో ఫిబ్రవరి చలిలో బయల్దేరాను. కారణం చెప్తే ఫోన్లో పెద్దగా నవ్వాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట క్యోటోలో ఫుజివారా తెయికా అని ఒక ఆస్థాన కవి. అక్కడికి నాలుగొందల కిలోమీటర్ల దూరంలో, కమాకురాలో, మినమోతో సనెతోమో అని ఒక షోగన్, అంటే యోధుల ప్రభుత్వానికి అధిపతి. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు. ఉత్తరాల మీదే గురుశిష్యులయ్యారు. ఆ ఇద్దరూ తిరిగిన నేల చూడాలని నా కోరిక. చక్రవర్తి కొలువు క్యోటోలో, కత్తి పట్టినవాళ్ళ ప్రభుత్వం కమాకురాలో ఉన్న కాలం అది.

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. తమ్ముడి ఇంట్లోనే ఉండిపోతానంది. క్యోటో వరకు నేనొక్కణ్ణే వెళ్ళాను.

ఫిబ్రవరి 9, క్యోటో, మత్సుబరా వీధి

మొదటి రోజే దారి తప్పాను. నేను వెతుకుతున్న చోటు చిరునామాలో "కరసుమా వీధి, మత్సుబరా దగ్గర దిగువకి" అని ఉంది. దిగువ అంటే పల్లం కదా అనుకుని వాలు కోసం వెతికాను. ఊరు చూస్తే అరచేయిలా చదును. అరగంట తిరిగాక ఒక పూలకొట్టు పెద్దాయన నా కాగితం చూసి, చెయ్యి దక్షిణానికి ఊపాడు. క్యోటోలో ఉత్తరానికి వెళ్ళడం ఎక్కడం, దక్షిణానికి వెళ్ళడం దిగడం. మన పల్లెల్లో ఎగువ, దిగువ అంటారే, అలాగన్నమాట. కాకపోతే మనకి దాన్ని కాలవ చెప్తుంది, వాళ్ళకి చక్రవర్తి భవనం చెప్తుంది.

తీరా చూస్తే అదొక బుల్లి గుడి. మన వీధి చివర పోతురాజు గద్దెకంటే కాస్త పెద్దది. వెనకాల పెద్ద భవనం, ముందు బస్సుల రొద. కవి షుంజెయి పేరు మీద ఉందది. తెయికాకి తండ్రి. ఆయన ఇల్లు ఈ చుట్టుపక్కలే ఉండేదట. పక్క వీధిలో ఇంకొక చిన్న గుడి, షిన్ తమత్సుషిమా. కవిత్వానికి అధిదేవతగా కొలిచే అమ్మవారిని 1186లో ఆయనే తన ఇంటి ఆవరణలోకి తెచ్చుకున్నాడు.

నేను అక్కడ అంతసేపు నిలబడింది ఇంకో కథ కోసం. 1183లో తైరా వంశం వాళ్ళు యుద్ధంలో ఓడి రాజధాని వదిలి పారిపోతున్నారు. వాళ్ళలో తదనోరి అనే సేనాని సగం దారి నుంచి గుర్రం వెనక్కి తిప్పి, చీకట్లో షుంజెయి తలుపు తట్టాడు. పారిపోయే సైనికుడంటే ఎవరికి భయం ఉండదు? ఇంట్లోవాళ్ళు వణికిపోయారు. అతను కవచం లోపలి నుంచి ఒక కాగితాల చుట్ట తీసి ఇచ్చాడు. అందులో నూరు దాకా పద్యాలు. చక్రవర్తి ఆజ్ఞ మీద మీరు సంకలనం చేస్తున్నారు కదా, ఒక్కటి పనికొచ్చినా చాలు అన్నాడు. మరుసటి ఏడాది ఇచినోతనిలో తల తెగింది. షుంజెయి మాట నిలబెట్టుకున్నాడు, కానీ తైరా వాళ్ళు అప్పటికి రాజద్రోహులు. అందుకని ఆ ఒక్క పద్యం కింద "కవి ఎవరో తెలియదు" అని పడింది. పాడుబడిన పాత రాజధానిలో కొండ చెర్రీ చెట్లు మాత్రం ఎప్పట్లాగే పూశాయి అని దాని భావం.

నాకిది ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది. ప్రాణం దక్కుతుందో లేదో తెలియని రాత్రి మనిషి వెనక్కి వచ్చింది పెళ్ళాం కోసమో డబ్బు కోసమో కాదు. పేరు దక్కుతుందని వచ్చాడు. అదే దక్కలేదు. జపాన్‌లో అందరికీ తెలిసిన అజ్ఞాత కవి ఇతనే అనుకుంటా.

మధ్యాహ్నం నిషిన్ సోబా తిన్నాను. గోధుమరంగు సేమ్యా పులుసు మీద ఎండబెట్టిన హెర్రింగ్ చేప. 1,500 యెన్‌లు. యెన్ మన లెక్కలో అరవై పైసలకి కాస్త అటూ ఇటూ. క్యోటోకి సముద్రం దూరం, అందుకని ఎక్కడో ఉత్తరాన పట్టి ఎండబెట్టిన చేప ఇక్కడి వంట అయింది. ఎండుచేప అనగానే మనవాళ్ళ పులుసు ఊహించుకున్నాను. నోట్లో పెట్టుకుంటే తియ్యగా, బెల్లం పాకంలో ముంచినట్టు ఉంది. మొదటి ముక్కకి మొహం చిట్లించాను. మూడో ముక్కకి అలవాటైంది. ఆఖర్న పులుసు తాగేశాను.

ఫిబ్రవరి 10, సగా, ఒగురా కొండ

పొద్దున్నే అరషియామా వెదురు తోపు దాటుకుని వెళ్ళాను. ఫొటోల జనం అక్కడే ఆగిపోయారు. పది నిమిషాలు నడిస్తే జొజక్కోజి మెట్లు, అడుగడుగునా నాచు. తెయికా కుటీరం ఇక్కడే ఉండేదని రాసి ఉంది. టికెట్ 500. అక్కడి నుంచి నిసోన్-ఇన్‌కి వెళ్తే, తెయికా కుటీరం ఇక్కడే ఉండేదని అక్కడా ఉంది. మళ్ళీ 500. కాస్త దూరంలో ఎన్రియాన్ అని మూడోది. ఆ రోజు తలుపు మూసి ఉంది కాబట్టి నా 500 మిగిలాయి. పోతన మాది అంటే మాది అని ఒంటిమిట్టకీ బమ్మెరకీ మన దగ్గర నడిచిన వాదం గుర్తొచ్చింది.

ఈ కొండ కిందే నూరుగురు కవుల నుంచి ఒక్కొక్క పద్యం ఏరాడు తెయికా. ఆ సంకలనం పేరు హ్యకునిన్ ఇష్షు. పద్యానికి 31 అక్షరాలు, అయిదు పాదాలు. జపాన్ పిల్లలు ఇప్పటికీ దాన్ని పేకముక్కల ఆటగా ఆడుతూ కంఠస్థం చేస్తారు. గుడి పక్క కొట్టులో ఒక పెట్టె కొన్నాను. నేను అన్నిటికంటే ఇష్టపడే సంగతి దాని పుట్టుక. 1235లో తెయికాని ఆ పద్యాలు అడిగింది ఏ రాజకుమారుడో కాదు, ఉత్సునోమియా యొరిత్సునా అనే యోధుడు. సన్యాసం పుచ్చుకుని ఈ కొండ దగ్గరే ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి జారుడు తలుపుల మీద అతికించడానికి పద్యాలు రాసిమ్మన్నాడు. పైగా వియ్యంకుడు! తెయికా కొడుక్కి పిల్లనిచ్చినవాడు. వియ్యంకుడు అడిగితే కాదనగలమా?

తెయికా పందొమ్మిదేళ్ళప్పుడు డైరీలో, ఎర్రజెండాలు, శత్రువుల మీద దండయాత్రలు నా పని కాదు అని రాసుకున్నాడు. తర్వాత ఎప్పుడో చేర్చాడని అనే పండితులూ ఉన్నారు. ఎప్పుడు రాసినా, జీవితమంతా ఆ జెండాల నీడలోనే గడిపాడు. ఆయన్ని ఆదరించిన గోతోబా మాజీ చక్రవర్తి కూడా గొప్ప కవే. 1220లో ఒక పద్యం మీద కోపం వచ్చి తెయికాని సభకి రావద్దన్నాడు. మరుసటి ఏడాది కమాకురా మీదకి సైన్యం లేపి, చిత్తుగా ఓడి, ఒకి దీవికి ప్రవాసం వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉండి 1239లో పోయాడు. నేను కొన్న పెట్టెలో 99వ ముక్క ఆయనదే. కొందరు మనుషులు ముద్దు, కొందరి మీద కోపం, లోకమంటే విసుగు అంటాడు.

భోజనం యుదోఫు. కుండలో వేడినీళ్ళు, అందులో సముద్రపు ఆకు, అందులో టోఫు. 3,000 పైన అయింది. వేడినీళ్ళకి ఇంతా అనిపించింది, నిజం చెప్తున్నాను. కానీ పక్కన పెట్టిన ఊరగాయ కోసం మళ్ళీ వెళ్తాను. పెద్ద తెల్ల టర్నిప్‌ని అప్పడంలా పల్చగా కోసి ఊరబెడతారు, చలికాలంలోనే. కారం లేదు, నూనె లేదు, అయినా ఊరగాయే. వడ్డించినావిడ నేను ముక్క వెలుతురుకి పట్టి చూడటం గమనించి, అడక్కుండానే ఇంకో రెండు పెట్టింది.

ఫిబ్రవరి 11, బంగారు మేడ, ఒక మూసిన గేటు

సెలవురోజని తెలియక కింకకుజికి వెళ్ళాను. తిరునాళ్ళలా ఉంది. దానికితోడు బస్సులో ముందు తలుపు నుంచి ఎక్కబోతే డ్రైవరు మర్యాదగా వెనక్కి చూపించాడు. అక్కడ వెనక ఎక్కి ముందు దిగాలి, దిగేటప్పుడు 230 యెన్‌లు సరిగ్గా చిల్లర వెయ్యాలి. పెద్దనోటు మార్చే మిషన్ దగ్గర నేను తంటాలు పడుతుంటే వెనక నలభై మంది నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఒక్కరు తిట్టినా టెన్షన్ తగ్గేది.

బంగారు మేడ గురించి అందరూ రాస్తారు కాబట్టి ఒక్క మాట. 1950లో కాలిపోయింది, 1955లో మళ్ళీ కట్టారు. కట్టడంలో కింది అంతస్తు ఆస్థాన ప్రభువుల ఇళ్ళ పద్ధతి, మధ్యది యోధుల ఇళ్ళ పద్ధతి, పైది చైనా నుంచి వచ్చిన జెన్ మందిరం పద్ధతి. బంగారు రేకు పై రెండిటికే ఉంది. ప్రభువుల అంతస్తు ఉత్త కర్ర, తెల్ల గోడ. కట్టించిన అషికగా యొషిమిత్సు షోగన్ మరి! ఆయన ఉద్దేశం ఏమిటో గానీ, చూస్తే పద్నాలుగో శతాబ్దం మొత్తం చెరువులో నిలబెట్టి చూపించినట్టుంది.

మధ్యాహ్నం చక్రవర్తి భవనానికి ఉత్తరాన ఇమదెగవా వీధికి వెళ్ళాను. రెయిజెయి వాళ్ళ ఇల్లు. తెయికా వంశం వాళ్ళు. 1788 అగ్నిప్రమాదంలో కాలిపోతే 1790లో తిరిగి కట్టుకున్న ఇల్లే ఇప్పటికీ ఉంది. లోపలి కొట్టుగదిలో తెయికా స్వదస్తూరీ డైరీ, ఆయన రాసుకున్న ప్రతులు. కొట్టు దేవుడి గదితో సమానం, తరతరాలుగా పైవాళ్ళని రానివ్వలేదు. పోయిన శతాబ్దం చివర్లో సంస్థగా పెట్టాకే పండితులు చూడగలిగారు. మామూలు జనానికి గేటే దర్శనం. గేటు దగ్గర చెప్పులు విడవబోయి, ఎవరైనా చూస్తే బాగోదని ఆగాను.

ఫిబ్రవరి 12, తూర్పుకి

క్యోటో నుంచి రైల్లో రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటలూ అబుత్సు అనే ఆవిడ గురించే ఆలోచించాను. తెయికా కొడుకు తమెయియెకి తర్వాతి భార్య. ఆయన పోయాక హరిమాలోని హొసోకవా ఎస్టేటు ఎవరిదని సవతి కొడుక్కీ ఆవిడ కొడుక్కీ తగాదా వచ్చింది. క్యోటోలో తేలలేదు. ఇక కమాకురా యోధుల కోర్టులో తేల్చుకుంటానని 1279లో, అరవైకి దగ్గర పడుతున్న వయసులో, పదహారో రోజు చంద్రుడు ఉన్న రాత్రి నాడు బయల్దేరింది. పద్నాలుగు రోజులు పట్టింది. దారిపొడుగునా పద్యాలు రాసింది. ఫూజీ కొండని చూసి, చిన్నప్పుడు చూసిన పొగ ఇప్పుడు రావట్లేదే అనుకుంది.

ఎడమవైపు కిటికీలో నాకూ ఫూజీ కనిపించింది. పొగ లేదు. పక్క సీటాయన పేపరు మడిచి నాకు అడ్డు తప్పుకుని మరీ చూపించాడు.

కవుల కుటుంబం వాళ్ళు పొలం కోసం కత్తి పట్టినవాళ్ళ గుమ్మం ఎక్కడం వింతేమీ కాదు. మన శ్రీనాథుడు కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకి తీసుకుని, పంట పోయి, ఏడు వందల టంకాలు ఎట్లా కట్టను అని ఏడ్చిన చాటువు ఉంది కదా. కనకాభిషేకం చేయించుకున్న కవి! అబుత్సు కేసు 1313 దాకా సాగింది. గెలిచారు, కానీ ఆవిడ అప్పటికి పోయి ముప్పై ఏళ్ళు.

ఫిబ్రవరి 13, కమాకురా

బావమరిది సెలవు పెట్టి వచ్చాడు. "గుళ్ళన్నారు, సమాధులు తిప్పుతున్నారు" అని పొద్దుటి నుంచి సణుగుడు. అబుత్సు సమాధి అనేది రైలు పట్టాల పక్కన రోడ్డు మీదే ఉంది, రాతిలో తొలిచిన చిన్న గూడు. మేం రెండుసార్లు దాటిపోయాం. కొడుకు తమెసుకె సమాధి ఎదురు కొండ మీద, జొకోమ్యోజి గుడి వెనక. తల్లి గెలిపించాలనుకున్నవాడు ఇక్కడే ఉండిపోయి, యోధులకి పద్యం నేర్పాడు.

ఇక సనెతోమో. సరిగ్గా ఈ రోజునే త్సురుగఓకా హచిమన్ గుడికి వెళ్ళాలని ముందే లెక్కేసుకున్నాను. 1219లో వాళ్ళ మొదటి నెల 27 అంటే అప్పటి పాశ్చాత్య లెక్కలో ఫిబ్రవరి 13. చక్రవర్తి కొలువు అతనికి కుడి మంత్రి పదవి ఇచ్చింది. ఆ కృతజ్ఞతకి సాయంత్రం గుడికి వచ్చాడు. మోకాళ్ళు దాటి మంచు. తిరిగి దిగేటప్పుడు రాతిమెట్ల దగ్గర అన్న కొడుకు కుగ్యో మీదపడి నరికేశాడు. 26 ఏళ్ళు. ఆ రాత్రే కుగ్యో కూడా చచ్చాడు. తొలి షోగన్ యొరితోమో మగసంతతి షోగన్‌గిరీ అక్కడితో సరి.

మెట్లు 61. లెక్కపెట్టాను. పక్కనే ఉండే మహావృక్షం జింకో చెట్టు 2010 మార్చిలో తెల్లవారుజామున కూలిపోయింది. మొదలు పక్కన నాటి, కొత్త చిగుళ్ళు పెంచుతున్నారు. కుగ్యో ఆ చెట్టు చాటున దాక్కున్నాడని చెప్తారు, అది తర్వాత పుట్టిన ముచ్చట.

మెట్ల మీద కూర్చుని బావమరిదికి చెప్పాను. సనెతోమో పదిహేడో ఏట ముప్పై పద్యాలు దిద్దమని తెయికాకి పంపాడు. గురువు దిద్ది, పద్యం ఎలా రాయాలో ఒక చిన్న పుస్తకమే రాసి పంపాడు. 1213లో తన ఇంట్లోని ప్రాచీన సంకలనం మన్‌యోషూ ప్రతి పంపాడు. సనెతోమో ఇంతకంటే నిధి ఏముందని మురిసిపోయాడు.

"ఊరికే పంపాడా బావగారూ?" అన్నాడు వాడు. సాఫ్ట్‌వేర్ వాడైనా పట్టేశాడు. ఇసే ప్రాంతంలో తెయికా భూమి మీద కమాకురా నియమించిన అధికారి దౌర్జన్యం చేస్తున్నాడు. పుస్తకం వెళ్ళిన రోజుల్లోనే షోగన్ ఆ దౌర్జన్యం ఆపించాడు. పద్యం ఇటు, పొలం అటు. అయితే ఇంతేనా అని వాడి మొహం వాడిపోయింది. నాకు మాత్రం అందులో తప్పేమీ కనపడలేదు. గురుదక్షిణ లేకుండా మన దగ్గర మాత్రం ఎవరు చెప్పారు?

ఇదే గుడి దగ్గర 1186లో ఇంకో సంగతి జరిగింది. యొరితోమో దర్శనానికి వస్తే ఒక ముసలి సన్యాసి తిరుగుతున్నాడు. ఎవరని ఆరా తీస్తే సైగ్యో. ఒకప్పుడు విలుకాడైన యోధుడు, ఇరవై మూడో ఏట అన్నీ వదిలేసి కవి అయ్యాడు. యొరితోమో అతన్ని రాత్రంతా కూర్చోబెట్టి విల్లు గురించి, పద్యం గురించి అడిగాడు. వెళ్తుంటే వెండి పిల్లిబొమ్మ బహుమానం ఇచ్చాడు. సైగ్యో గేటు దాటగానే అక్కడ ఆడుకుంటున్న పిల్లాడికి ఇచ్చేసి వెళ్ళిపోయాడు. బావమరిదికి ఈ రోజంతటిలో నచ్చింది ఇదొక్కటే. "ఆ పిల్లాడు ఏం చేసుంటాడంటారు?" అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాడు.

ఇక్కడ షిరాసు అన్నం ప్రసిద్ధి. మన నెత్తళ్ళ పిల్లల్లాంటి తెల్ల చేపలు. పచ్చివి తిందామని వెళ్తే, జనవరి నుంచి మార్చి మొదటి వారాల దాకా వేట నిషేధమట. ఉడకబెట్టినవే దొరికాయి. చేప గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపడం మనకీ తెలిసిందే కాబట్టి నోరు మూసుకుని తిన్నాను. బాగుంది. ఉప్పు, నిమ్మ, వేడి అన్నం. ఆవకాయ ముద్ద ఒకటి ఉంటే బంగారం.

మధ్యాహ్నం జుఫుకుజి. ముందు హాలు మూసి ఉంటుంది, వెనక శ్మశానం తెరిచే ఉంటుంది. కొండరాయిలో తొలిచిన గుహల్లో సనెతోమోకీ, తల్లి మసాకోకీ ఒక్కొక్క చిన్న రాతి గోపురం. ఎవరో ఎర్ర పూరేకుల ఉమె (జపాన్ ప్లమ్) కొమ్మ పెట్టి వెళ్ళారు. చావబోయే రోజు ఇంటి చూరు దగ్గర ఉమె చెట్టుతో, యజమాని లేని ఇల్లైనా వసంతం మర్చిపోకు అన్నాడని కమాకురా చరిత్ర రాసింది. అతను నిజంగా అన్నాడో, రాసినవాళ్ళు అనిపించారో. కొమ్మ మాత్రం ఆ పొద్దున కోసిందే, తడి ఆరలేదు.

ఫిబ్రవరి 14, యుయిగహామా

ఆఖరి రోజు సముద్రం. నడుస్తూ తినకండి అని ఊళ్ళో మర్యాద నియమం ఉంది కదా అని ఇసుకలో కూర్చుని బన్ను విప్పాను. నెత్తి మీద నుంచి గద్ద ఒకటి వచ్చి నా చేతిలోది ఎత్తుకుపోయింది. వేలు గీరుకుంది. వెనకాలే గద్దల బొమ్మతో హెచ్చరిక బోర్డు ఉంది. చదివితే కదా!

సనెతోమో ఓడ ఇక్కడే. చెన్ హెచింగ్ అనే చైనా పనివాడు వచ్చి, పోయిన జన్మలో మీరు అశోకరాజ పర్వతం మఠాధిపతులు అని చెప్పాడు. మన అశోకుడే, ఆయన పేరు మీద చైనాలో ఉన్న మఠం. షోగన్ నమ్మాడు. చైనా వెళ్తానని పెద్ద ఓడ కట్టించాడు. 1217లో వందల మంది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా లాగారు. ఓడ తేలలేదు. ఈ ఇసుకలోనే కుళ్ళిపోయింది.

నేను పెట్టెలోంచి 93వ ముక్క తీశాను. సనెతోమోదే. లోకం ఎప్పటికీ ఇలాగే ఉండిపోతే బాగుండు, ఒడ్డున జాలరి చిన్న పడవని తాడు కట్టి లాగుతున్న తీరు చూస్తే మనసు కదిలిపోతోంది అని. నూరుగురిలో తెయికా శిష్యుడికి ఇచ్చిన చోటు అది.

కాస్త దూరంలో ముసలి దంపతులు వకామె ఉడకబెడుతున్నారు. గోధుమరంగు సముద్రపు ఆకు సలసల కాగే నీళ్ళలో పడగానే పచ్చగా మారిపోతుంది, దాన్ని తీగల మీద బట్టల్లా ఆరేస్తారు. ఫిబ్రవరిలోనే మొదలట. ఆయన ఇంకో పడవని ఒడ్డుకి లాగబోతున్నాడు.

"పట్టుకుందామా బావగారూ?" అని బావమరిది అప్పటికే బూట్లు విప్పేశాడు. వాడేదో జపానీలో అడిగితే పెద్దాయన ముందు చేతులు అడ్డంగా ఊపి, తర్వాత తాడు కొస మాకు అందించాడు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే పాదాలు ఉన్నాయో లేదో తెలియలేదు. మన వాళ్ళలా ఐలెస్సా అన్నాను, అలవాటు. ఆయన నవ్వి, ఆయన మాటేదో ఆయన అన్నాడు. మూడు లాగులకి పడవ ఇసుక ఎక్కింది.